మూకీ బెట్స్ ట్రేడ్: బోస్టన్ ధర కట్టకుండా వదిలేసిన హక్కు

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవారికి మొదటి వారంలోనే ఒక లెక్క ఇస్తాను. 2020 ఫిబ్రవరి 4 సాయంత్రానికి లోకానికి తెలిసిన వివరాలు మాత్రమే చేతికిచ్చి, బోస్టన్ రెడ్ సాక్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు తన ఉత్తమ ఆటగాడు మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చేయడం సరైన బేరమో కాదో తేల్చమంటాను. తర్వాత ఏం జరిగిందో వారికి తెలుసు. అదంతా మరిచిపోయి లెక్క వేయమంటాను. దాదాపు అందరూ ఒకే జవాబుతో వస్తారు: బేరం సమానంగానే ఉంది, ఇంకా చెప్పాలంటే బోస్టన్ వైపే కాస్త మొగ్గుంది. 2020లో నేను వేసిన లెక్క కూడా అదే చెప్పింది. క్రీడాకారుల కాంట్రాక్టులకు విలువ కట్టే ఈ వృత్తిలో నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టిన లెక్క అది, ఎక్కువ నేర్పిన లెక్కా అదే. కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. కూడవలసిన వాటిలో ఒకటి అసలు కాగితం మీదికే రాలేదు.

ఇంటి పంట

బెట్స్ 1992లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టాడు. పూర్తి పేరు మార్కస్ లిన్ బెట్స్. ఆ పేరులోని పొడి అక్షరాలు ఎం, ఎల్, బి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌కూ అవే పొడి అక్షరాలు. 2011 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) రెడ్ సాక్స్ అతన్ని ఐదో రౌండులో ఎంచుకుంది. అంటే రెడ్ సాక్స్‌తో సహా ప్రతి జట్టూ మొదటి నాలుగు రౌండ్లలో అతన్ని దాటి వేరొకరిని తీసుకుంది. ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. ఈ ఆటలో అది పొట్టి కిందే లెక్క. మొదట సెకండ్ బేస్‌లో ఆడేవాడు. బోస్టన్‌లో ఆ స్థానం డస్టిన్ పెడ్రోయాది. అందుకని అతన్ని ఔట్‌ఫీల్డ్‌కు మార్చారు. 2014 జూన్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, రెడ్ సాక్స్ సొంత మైదానం ఫెన్‌వే పార్కులోని విశాలమైన, వంకరటింకర రైట్ ఫీల్డ్‌ను తన సొంత పెరడులా చేసుకున్నాడు.

2018లో అతను చేసింది మరొకసారి చెప్పుకోదగినది. బ్యాటింగ్ సగటు .346, హోమ్ రన్లు (బంతిని గోడ దాటించిన దెబ్బలు) 32, దొంగిలించిన బేస్‌లు (బంతి కొట్టకుండానే పరుగెత్తి అందుకున్నవి) 30. అమెరికన్ లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం, బ్యాటింగ్ కిరీటం, ఫీల్డింగ్‌కు గోల్డ్ గ్లవ్, బ్యాటింగ్‌కు సిల్వర్ స్లగ్గర్, వీటన్నింటితో పాటు విజేత జట్టుకు దక్కే వరల్డ్ సిరీస్ ఉంగరం. ఒకే సీజన్‌లో ఈ ఐదూ దక్కించుకున్న మొదటి ఆటగాడు అతనే. ఆ ఏడాది రెడ్ సాక్స్ 108 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్‌లో డాడ్జర్స్‌నే 4-1తో ఓడించింది. పదహారు నెలలు గడవకముందే, ఓడిన ఆ జట్టుకే అతన్ని అప్పగించింది.

గడియారం, బేరం

ఇక్కడ బేస్‌బాల్ జీతాల పద్ధతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి విషయం అందదు. మేజర్ లీగ్‌లోకి వచ్చిన ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా తన జట్టుకే కట్టుబడి ఉంటాడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస వేతనం. తర్వాతి మూడేళ్లు జట్టుతో మాట కుదిరితే సరి, కుదరకపోతే మధ్యవర్తుల ముందు వాదన. ఆరేళ్లు నిండాక ఫ్రీ ఏజెంట్. ఎవరు ఎక్కువ ఇస్తే వారి దగ్గరికి వెళ్లవచ్చు. బెట్స్‌కు ఆ గడియారం 2020 సీజన్ చివర ఆగుతుంది.

ఆ ఆరేళ్లలో ఆటగాడితో దీర్ఘకాలిక కాంట్రాక్టు గురించి మాట్లాడే అధికారం సొంత జట్టుకు మాత్రమే ఉంటుంది. వేరే జట్టు తొంగిచూసినా నియమాలు ఒప్పుకోవు. ఈ మాట గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బోస్టన్ మాట్లాడలేదని కాదు. పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం మొదట ఐదేళ్లకు 10 కోట్ల డాలర్లు, తర్వాత ఎనిమిదేళ్లకు 20 కోట్లు, చివరికి పదేళ్లకు 30 కోట్ల వరకు వెళ్లింది. బెట్స్ వైపు నుంచి అడిగింది పన్నెండేళ్లకు 42 కోట్లు. 2019 మార్చిలో మరో స్టార్ ఆటగాడు మైక్ ట్రౌట్ ఏంజెల్స్ జట్టుతో పన్నెండేళ్లకు 42.65 కోట్లకు సంతకం చేశాడు. కాబట్టి ఆ అడుగుడు గాలిలోంచి ఊడిపడింది కాదు. తన విలువ తెలిసిన మనిషి, సంతలో అప్పటికే పలికిన ధరను చూపించి అడిగాడు.

ఈ మాటలు సాగుతున్న కాలంలోనే మరొకటి జరిగింది. 2018 ఆరంభంలో ఒక్క ఏడాది జీతం విషయంలో జట్టు 75 లక్షలు అంది, బెట్స్ 1.05 కోట్లు అన్నాడు, విషయం మధ్యవర్తుల దాకా వెళ్లింది. బెట్స్ గెలిచాడు. అలాంటి గదుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆటగాడు కూర్చుని వింటుండగా, అతను అడిగినంత విలువ చేయడని అతని సొంత జట్టు లాయర్లు వాదించాలి. తేడా 30 లక్షల డాలర్లు. తన చేతుల మీదుగా పెరిగిన కుర్రవాడితో 30 లక్షల కోసం ఆ గదిలోకి వెళ్లవద్దని నేనైతే నా క్లయింటుకు గట్టిగా చెప్పేవాడిని. అక్కడి మాటలను మనిషి మరిచిపోడు. తర్వాత పదేళ్ల కాంట్రాక్టు బల్ల మీద పెట్టినప్పుడు ఆ గది మళ్లీ గుర్తుకొస్తుంది.

కృతజ్ఞతకు ఇచ్చిన సొమ్ము

ఐపీఎల్‌లో ఉన్నట్టు జట్టు మొత్తం జీతాలకు దాటరాని గీత బేస్‌బాల్‌లో ఉండదు. ఒక పరిమితి ఉంటుంది, దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. 2018లో ఆ పరిమితి 19.7 కోట్ల డాలర్లు, 2019లో 20.6, 2020లో 20.8. మొదటిసారి దాటితే అదనపు మొత్తం మీద 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30 శాతం, మూడో ఏడాది 50 శాతం. బాగా ఎక్కువగా దాటితే సర్‌చార్జీ కూడా. ఒక్క ఏడాది కిందికి దిగితే రేటు మళ్లీ మొదటికొస్తుంది. రెడ్ సాక్స్ 2018, 2019 రెండేళ్లూ దాటింది. 2018లో 4 కోట్లకు మించి దాటినందుకు మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక పది స్థానాలు కిందికి పోయింది.

డబ్బు ఎక్కడికి పోయిందో చూడాలి. 2018 వరల్డ్ సిరీస్ చివరి బంతి వేసి డాడ్జర్స్ బ్యాటర్ మానీ మచాడోను పడగొట్టింది పిచ్చర్ (బంతి వేసేవాడు) క్రిస్ సేల్. మూడో మ్యాచ్ పద్దెనిమిది ఇన్నింగ్స్ సాగినప్పుడు, బుల్‌పెన్ (మధ్యలో దిగే పిచ్చర్లు వేచి ఉండే చోటు) నుంచి వచ్చి ఆరు ఇన్నింగ్స్‌కు పైగా ఒంటరిగా మోసింది నేథన్ ఇయోవాల్డీ. ఆ మ్యాచ్ డాడ్జర్స్ ఆటగాడు మ్యాక్స్ మన్సీ హోమ్ రన్‌తో ఓడిపోయినా, ఇయోవాల్డీ ఆ రాత్రి బోస్టన్ నగరం గుండెల్లో ఇల్లు కట్టుకున్నాడు. 2018 డిసెంబరులో అతనికి నాలుగేళ్లకు 6.8 కోట్లు, 2019 మార్చిలో సేల్‌కు ఐదేళ్లకు 14.5 కోట్లు ఇచ్చారు. ఇద్దరి ఏడాది సగటు కలిపితే 4.6 కోట్లు. సేల్ భుజం అప్పటికే 2018లో ఇబ్బంది పెట్టింది. అయినా అతని పాత కాంట్రాక్టులో ఇంకా ఒక ఏడాది మిగిలి ఉండగానే కొత్తది ఇచ్చారు.

అప్పటికి డేవిడ్ ప్రైస్ కూడా ఉన్నాడు. 2015 డిసెంబరులో ఏడేళ్లకు 21.7 కోట్లతో వచ్చిన పిచ్చర్. 2018 టైటిల్‌లో అతని పాత్ర గొప్పది, అందులో అనుమానం లేదు. 2019 ముగిసేసరికి ముప్పై నాలుగేళ్లు, మణికట్టు నొప్పి, 22 మ్యాచ్‌లే, ఇంకా మూడేళ్లకు 9.6 కోట్లు బాకీ.

2019 సెప్టెంబరులో బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి డేవ్ డాంబ్రౌస్కీని తొలగించారు. అదే నెల 27న ప్రధాన యజమాని జాన్ హెన్రీ, 2020లో జీతాల మొత్తాన్ని 20.8 కోట్ల లోపు ఉంచాలన్నది తమ లక్ష్యమని బహిరంగంగా చెప్పారు. అక్టోబరులో ఆ బాధ్యతకు టాంపా బే జట్టు నుంచి చైమ్ బ్లూమ్‌ను తీసుకొచ్చారు. బ్లూమ్ కుర్చీలో కూర్చునేసరికే తన చేతిలోని పేకముక్కలు అందరికీ కనిపిస్తున్నాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. అమ్మేవాడి అవసరం సంతంతా తెలిసిపోతే ఆ సామెత మరింత కఠినంగా నిజమవుతుంది. యజమాని ఆ అంకెను నాలుగు గోడల మధ్య చెప్పి ఉంటే బ్లూమ్ చేతికి కొంతైనా బలం ఉండేదని నా గట్టి అభిప్రాయం.

ఐదు రోజుల బేరం

2020 జనవరిలో బెట్స్‌తో ఏడాదికి 2.7 కోట్లకు ఒప్పందం కుదిరింది. అదే నెలలో, హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు ప్రత్యర్థుల సైగలను దొంగచాటుగా చదివిన వ్యవహారంలో పేరు రావడంతో మేనేజర్ అలెక్స్ కోరా జట్టును విడిచాడు. ఇల్లు అంతా కదిలిపోతున్న సమయం అది.

ఫిబ్రవరి 4న వార్త వచ్చింది. మూడు జట్ల మధ్య ట్రేడ్. బెట్స్, ప్రైస్ డాడ్జర్స్‌కు. డాడ్జర్స్ పిచ్చర్ కెంటా మాయెడా మిన్నెసోటా ట్విన్స్‌కు. డాడ్జర్స్ ఔట్‌ఫీల్డర్ అలెక్స్ వెర్డూగో, ట్విన్స్ యువ పిచ్చర్ బ్రస్‌డార్ గ్రాటెరోల్ బోస్టన్‌కు. ప్రైస్ బాకీలో సగం, 4.8 కోట్లు, బోస్టనే కడుతుంది.

వార్త వచ్చినంత మాత్రాన ట్రేడ్ ఖాయమైనట్టు కాదు. వైద్య నివేదికలు ఇచ్చిపుచ్చుకుని, చూసుకున్నాకే సంతకాలు. గ్రాటెరోల్ నివేదికలు చూశాక బోస్టన్ వెనక్కి తగ్గింది. అతను మ్యాచ్ మొదటి నుంచి బంతులు వేసే స్టార్టర్‌గా నిలబడడని, మధ్యలో వచ్చి కాసేపు వేసే రిలీవర్‌గానే మిగులుతాడని అనుకున్నారు. ఆ వైద్య వివరాలు పత్రికలకు పాకడంపై ఆటగాళ్ల సంఘం అధిపతి టోనీ క్లార్క్ బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు, అది న్యాయమైన అభ్యంతరమే. ఈ ఆలస్యంలో డాడ్జర్స్, ఏంజెల్స్ మధ్య దీనితో ముడిపడిన మరో ట్రేడ్ విరిగిపోయింది. నాలుగైదు రోజుల పాటు ఇద్దరు పెద్ద ఆటగాళ్లు ఏ ఊరికి పెట్టె సర్దుకోవాలో తెలియక కూర్చున్నారు.

చివరికి ట్విన్స్‌ను పక్కకు తీసి బేరాన్ని రెండుగా విడగొట్టారు. బోస్టన్‌కు వెర్డూగోతో పాటు షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) జీటర్ డౌన్స్, క్యాచర్ కానర్ వాంగ్. బోస్టన్ చిరకాల ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ దిగ్గజం డెరెక్ జీటర్ పేరు పెట్టుకున్న కుర్రవాడు బోస్టన్‌కు రావడం ఆ వారంలో నవ్వు తెప్పించిన ఒకే ఒక్క విషయం. గ్రాటెరోల్ వేరే ఒప్పందంలో డాడ్జర్స్‌కే వెళ్లాడు. బోస్టన్ వద్దనుకున్న ఆ చేయి అదే ఏడాది డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ జట్టులో బంతులు వేసింది.

నా కాగితం

నా 2020 లెక్క ఇలా ఉంది. ఒక ఆటగాడి వల్ల, అతని స్థానంలో సులువుగా దొరికే మామూలు ఆటగాడితో పోలిస్తే, జట్టుకు ఏడాదిలో అదనంగా వచ్చే గెలుపులను వార్ అనే కొలమానంతో లెక్కిస్తాం. ఫ్రీ ఏజెంట్ల సంతలో ఒక గెలుపుకు 85 లక్షల డాలర్లు పెట్టుకున్నాను. బెట్స్‌కు 2018లో పదికి పైగా వచ్చాయి. 2020కి జాగ్రత్తగా ఆరున్నర వేశాను. విలువ దాదాపు 5.5 కోట్లు, జీతం 2.7 కోట్లు, మిగులు 2.8 కోట్లు. ప్రైస్ బాకీలో సగం తీసేస్తే మిగిలిన 4.8 కోట్లకు మూడేళ్లలో అతను సరిపడా ఆడతాడని అనుకున్నాను. అది లాభం కాదు, నష్టం కాదు.

అవతలి వైపు వెర్డూగో. ఇరవై మూడేళ్లు, 2019లో .294 సగటు, ఐదేళ్లు జట్టు అధీనంలో ఉండే చవక జీతం. ఏడాదికి రెండున్నర గెలుపులు వేసుకుని, వెన్నునొప్పి భయానికి సగం కోత పెట్టినా, ఐదేళ్ల మిగులు బెట్స్ ఒక్క ఏడాది మిగులును దాటేసింది. పైన డౌన్స్, వాంగ్ ఉండనే ఉన్నారు. బెట్స్‌ను ఉంచుకుని ఏడాది చివర పోగొట్టుకుంటే ఏం వస్తుంది? పరిహారంగా ఒక డ్రాఫ్ట్ ఎంపిక, అదీ లగ్జరీ ట్యాక్స్ కట్టే జట్టుకు నాలుగో రౌండు తర్వాత. చిల్లర కింద లెక్క. కాగితం చూసి బ్లూమ్ తప్పు చేయలేదని రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు రాయని గడి గురించి. డాడ్జర్స్ కొన్నది బెట్స్ ఆడే ఒక్క సీజన్‌ను కాదు. ఫిబ్రవరి నుంచి వరల్డ్ సిరీస్ ముగిసేదాకా, పోటీదారు ఎవరూ లేని గదిలో అతనితో మాట్లాడే హక్కును కొంది. ఆ హక్కు ఆరేళ్లుగా బోస్టన్ జేబులో ఉంది. దాన్ని బేరంలో పెట్టింది, కానీ దానికి విడిగా ధర అడగలేదు. నేనూ అడగలేదు.

దానికి ధర కట్టడం అసాధ్యం కాదు. 2021 నుంచి బెట్స్ ఆరు గెలుపులతో మొదలై ఏటా అర గెలుపు తగ్గుతాడని వేసుకుందాం. పన్నెండేళ్లలో 39 గెలుపులు. ఒక్కో గెలుపు ధర ఏటా 3 శాతం పెరుగుతుందనుకుంటే మొత్తం విలువ 37 కోట్లు దాటుతుంది. జూలైలో డాడ్జర్స్ ఇచ్చింది 36.5 కోట్లు. అంటే అది సరైన ధర. కానీ బహిరంగ వేలంలో సరైన ధరకు ఎవరూ గెలవరు. అందరికన్నా ఎక్కువ ఊహించుకున్నవాడే గెలుస్తాడు. ఆ అదనం 12 శాతం అనుకుంటే 4.4 కోట్లు. ఒంటరిగా మాట్లాడే హక్కు ఆ అదనాన్ని ఆదా చేస్తుంది. సంతకం జరిగే అవకాశం పదిలో నాలుగు వంతులే అనుకున్నా, హక్కు విలువ 1.75 కోట్ల దాకా తేలుతుంది. ఈ శాతాలు నా ఊహలు, ఎవరైనా మార్చుకోవచ్చు. అటూఇటూ ఎంత మార్చినా అది సున్నా మాత్రం కాదు. నా కాగితంలో అది సున్నా.

రెండో లోపం చిన్నది కాదు గానీ క్లుప్తంగానే చెబుతాను. రెండున్నర గెలుపుల ఆటగాళ్లు ముగ్గురు కలిసినా ఒక బెట్స్ కారు, ఎందుకంటే వారు మైదానంలో మూడు స్థానాలు ఆక్రమిస్తారు. మేం వాడే కొలమానం ప్రతి గెలుపుకూ ఒకే ధర కడుతుంది. ఒకే స్థానంలో ఆరు గెలుపులు దొరకడానికి వేరే ధర ఉండాలి.

ప్రైస్‌ను బేరానికి తగిలించడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. బెట్స్ జీతం 2.7, ప్రైస్ వాటాలో తగ్గింది దాదాపు 1.6, కలిపి ఏడాదికి 4.3 కోట్ల భారం దిగింది. సేల్, ఇయోవాల్డీల సగటు 4.6 అని ముందే చూశాం. దింపుకున్నదీ ఎక్కించుకున్నదీ ఇంచుమించు ఒకటే. అంటే బెట్స్‌ను పంపించాలనే నిర్ణయానికి పునాది పడింది 2020 ఫిబ్రవరిలో కాదు, ఆ పిచ్చర్ల కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టిన 2018 డిసెంబరు, 2019 మార్చి నెలల్లో. బ్లూమ్ ఆ బిల్లు తీసుకుని వచ్చిన మనిషి మాత్రమే. అతను ఒకే ఎద్దుతో రెండు బళ్లు లాగించాల్సి వచ్చింది: మంచి ఆటగాళ్లను రాబట్టాలి, ప్రైస్ బాకీని వదిలించాలి. బెట్స్ ఒక్కడినే బల్ల మీద పెట్టి ఉంటే డాడ్జర్స్ కొట్టంలోని ఇంకా మంచి కుర్రవాళ్లను అడిగే వీలుండేది.

మహమ్మారి వచ్చాక

మార్చి 12న శిక్షణ శిబిరాలు మూతపడ్డాయి. అదే నెల చివర లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ జరగకపోయినా ఆటగాళ్లకు ఏడాది సర్వీసు లభిస్తుంది. అంటే బెట్స్ డాడ్జర్స్ చొక్కాలో ఒక్క బంతి ఆడకుండానే ఫ్రీ ఏజెంట్ అయ్యే అవకాశం నిజంగానే ఎదురైంది. ఆ వసంతంలో బోస్టన్ అదృష్టం బాగుందన్న మాట మా వృత్తిలో చాలామంది అన్నారు. నేనూ వారిలో ఒకడిని.

జూలై 22న, అరవై మ్యాచ్‌ల కుదించిన సీజన్ మొదలవడానికి ఒక రోజు ముందు, బెట్స్ డాడ్జర్స్‌తో పన్నెండేళ్లకు 36.5 కోట్లకు సంతకం చేశాడు. బోస్టన్ చివరి మాట 30, బెట్స్ అడిగింది 42. మధ్యలో గీత గీస్తే 36. పైగా అందులో 11.5 కోట్లు వాయిదా. అవి 2033 నుంచి 2044 దాకా చెల్లిస్తారు. ఆ వాయిదాలను లెక్కలోకి తీసుకుంటే నేటి విలువ 30 కోట్లకు కాస్త పైన తేలుతుంది.

బెట్స్ ఎప్పుడూ సంతకు వెళ్లాలనే అనుకున్నాడని, మహమ్మారి భయపెట్టకపోతే సంతకం చేసేవాడు కాదని వాదించేవారున్నారు. ఆ వాదనలో బలం ఉంది. ఖాళీ స్టేడియాలు చూసిన ఏ ఆటగాడైనా నవంబరులో జట్ల దగ్గర డబ్బుంటుందా అని ఆలోచించి ఉంటాడు. కానీ ఆ భయం ఎవరి గదిలో పనిచేసిందో చూడండి. హక్కు ఎవరి దగ్గర ఉంటే వారి దగ్గరే. బోస్టన్ అతన్ని ఉంచుకుని ఉంటే, 2020 వేసవిలో భయపడిన సంత ముందు ఒంటరిగా అతనితో కూర్చునేది బోస్టనే.

దానికి అయ్యే ఖర్చూ వేసి చూశాను. జీతాల మొత్తం 24 కోట్లు అనుకుందాం. పరిమితికి 3.2 కోట్లు పైన. మూడో ఏడాది రేటు 50 శాతం, రెండు కోట్లు దాటిన భాగానికి 62 శాతం. పన్ను మొత్తం 1.75 కోట్ల దగ్గర ఆగుతుంది. ఆదాయ పంపిణీలో తిరిగి రావలసిన కొంత సొమ్ము కూడా పోతుంది. ఇది చిన్న మొత్తం కాదు. అలాగని, 2018లో దాదాపు 1.2 కోట్లు, 2019లో 1.34 కోట్లు పన్ను కట్టగలిగిన జట్టును కుదిపేసే మొత్తమూ కాదు.

లెక్క తేలిన తీరు

2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. ఆరో ఇన్నింగ్స్‌లో టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్, అద్భుతంగా వేస్తున్న బ్లేక్ స్నెల్‌ను తప్పించాడు. తర్వాత వచ్చిన బ్యాటర్ బెట్స్. డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు. కాసేపటికి మూడో బేస్ నుంచి ముందుకు ఉరికి ఆధిక్యాన్నిచ్చిన పరుగు తీశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్. 1988 తర్వాత డాడ్జర్స్‌కు అదే మొదటి టైటిల్. డబుల్ కొట్టడం, బేస్‌ల మీద పరుగెత్తడం, బంతిని గోడ దాటించడం, అన్నీ ఒకే రాత్రి ఒకే మనిషి. 2024లో, 2025లో డాడ్జర్స్ మళ్లీ గెలిచింది. ముప్పై ఏళ్లు దాటాక బెట్స్ షార్ట్‌స్టాప్‌కు మారాడు. ఆ వయసులో ఆ స్థానానికి వెళ్లడం ఎంత కష్టమో ఆట తెలిసినవారికి చెప్పనవసరం లేదు.

బోస్టన్ 2020లో 24 గెలిచి 36 ఓడింది. న్యాయంగా చెప్పాలంటే 2021లో 92 మ్యాచ్‌లు గెలిచి లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. ఇయోవాల్డీ ఆ ఏడాది తన జీతానికి పూర్తి న్యాయం చేశాడు. 2022, 2023 రెండేళ్లూ 78 గెలుపులతో విభాగంలో అట్టడుగున. సేల్ మోచేతి శస్త్రచికిత్స వల్ల 2020 మొత్తం ఆడలేదు, 2022లో రెండే మ్యాచ్‌లు. వెర్డూగో 2020లో .308 సగటుతో ఆశ పుట్టించి, తర్వాత మామూలు ఆటగాడిగా స్థిరపడి, 2023 డిసెంబరులో యాంకీస్‌కు వెళ్లాడు. డౌన్స్ బోస్టన్ తరఫున 14 మ్యాచ్‌లు ఆడాడు. వాంగ్ ప్రధాన క్యాచర్ స్థానం దాకా ఎదిగాడు.

చాలామంది దీన్ని 1920 జనవరిలో ప్రకటించిన బేబ్ రూత్ అమ్మకంతో పోల్చారు. సరిగ్గా వందేళ్ల తేడా కాబట్టి ఆ పోలిక ఆకర్షిస్తుంది. అప్పటి యజమాని హ్యారీ ఫ్రేజీ నగదుకు, అప్పుకు అమ్మాడు. బదులుగా ఆటగాళ్లెవరూ రాలేదు. అది వేరే రోగం. నాకు ఇంతకన్నా ఉపయోగపడే పోలిక వాన్ సోటో. 2022లో వాషింగ్టన్ నేషనల్స్ ఇచ్చిన పదిహేనేళ్ల, 44 కోట్ల ప్రతిపాదనను అతను కాదన్నాడు. ఆ ఆగస్టులోనే వాషింగ్టన్ అతన్ని శాన్ డియాగోకు పంపింది. అప్పటికి అతనిపై హక్కు ఇంకా రెండున్నర సీజన్లు ఉంది. బదులుగా వచ్చినవారిలో సి.జె. అబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ ముగ్గురూ తర్వాత ఆల్‌స్టార్లు అయ్యారు. వాషింగ్టన్ కాదన్న మాట విన్న వెంటనే కదిలింది, ఏ బాకీ కాంట్రాక్టునూ ఆ బేరానికి తగిలించలేదు. బోస్టన్ మూడు సార్లు కాదనిపించుకుని, గడియారంలో ఒక్క ఏడాది మిగిలాక, ప్రైస్‌ను కూడా తగిలించి కదిలింది.

2023 ఆగస్టు 25న బెట్స్ డాడ్జర్స్ చొక్కాతో మొదటిసారి ఫెన్‌వేకు తిరిగొచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, అతను హెల్మెట్ తీసి చూపించాడు. ఇరవై రోజుల తర్వాత, సెప్టెంబరు 14న, బ్లూమ్‌ను తొలగించారు. తొలగింపు వార్త చదివినప్పుడు నాకు కోపం కాదు, బాధ కలిగింది. అతని సంతకం ఉన్న ట్రేడ్ అది, నిజమే. కానీ దాని ధరను అతను రాకముందే వేరేవారు నిర్ణయించారు.

ఆ ఏడాది జనవరిలోనే రెడ్ సాక్స్ తన మరో ఇంటి పంట రఫేల్ డెవర్స్‌తో పదేళ్లకు 31.35 కోట్ల కాంట్రాక్టు చేసుకుంది. ఈసారి సంతకు వెళ్లనివ్వకుండా, ఒంటరిగా మాట్లాడే హక్కును వాడుకుంది. 2025 జూన్ 15న అతన్నీ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు పంపేసింది. మిగిలిన జీతమంతా జెయింట్స్ భరిస్తుంది. బోస్టన్‌కు జోర్డన్ హిక్స్, కైల్ హారిసన్‌తో పాటు మరో ఇద్దరు యువకులు వచ్చారు. నా దగ్గరికి వచ్చేవారికి రెండో వారం ఇచ్చే లెక్క ఇదే. కాగితం మీద ఒక గడి ఖాళీగా వదిలి, అందులో ఏం రాయాలో వారినే వెతకమంటాను.